ఎండకు పండిన మిరప

మిరపకాయ లేని వంటయిల్లు తెలుగునాట కానరాదు. పప్పునకు పోపు పెట్టవలెనన్నను, ఆవకాయ కలుపవలెనన్నను, గోంగూర పచ్చడి నూరవలెనన్నను ముందుగా చేతికి రావలసినది మిరపకాయయే. పేదవాడు గంజిలో నంజుకొను పచ్చిమిరపకాయ మొదలు పెండ్లివిందులోని కూరల వరకు సర్వత్ర దానిదే అధికారము. తెలుగువారికి ఇంత ఆప్తమైన యీ కాయ ఒకప్పుడు ఈ దేశమున లేనే లేదన్న సంగతి వినుటకు వింతగా నుండును.

మిరప పుట్టినచోటు అమెరికా ఖండము. మెక్సికో దేశపు ప్రజలు వేలయేండ్ల క్రిందటనే దానిని తమ యిండ్లచెంత పెంచుకొనిరి. 1492వ సంవత్సరమున కొలంబసు సుగంధద్రవ్యములు లభించు తూర్పుదేశములకు మార్గమును వెదకుచు సముద్రముపై బయలుదేరి, అమెరికా ఖండపు ద్వీపములను చేరెను. అచ్చట కారముగల కాయ యొకటి కనబడగా, దానిని అతడు మిరియమునకు చుట్టముగా తలచెను. నేటికిని ఆంగ్లభాషలో మిరియమునకును మిరపకును 'పెప్పర్' అను నొకే పేరు చెల్లుటకు ఆ పొరపాటే మూలము. 16వ శతాబ్దమున పోర్చుగీసు నావికులు మిరపను భారతదేశపు పశ్చిమతీరమునకు తెచ్చిరి. అంతవరకు ఇచ్చటి వంటలకు కారమును సమకూర్చినది మిరియమే. కొత్తకాయకు తెలుగువారు పెట్టుకొన్న పేరులో సైతము ఆ పాత మిరియపు జ్ఞాపకము వినబడుచున్నది.

పరదేశమునుండి వచ్చిన మొక్క స్వదేశపు పంట ఎట్లయ్యెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో, నేడు రైతులముందున్న మరియొక ప్రశ్నకును సమాధానము దొరకును. దేశవాళి మిరపను వెనుకటివలె బయలుపొలములోనే పండింపవలెనా, లేక కప్పువేసిన హరితగృహములలో పండింపవలెనా అనునదే యా రెండవ ప్రశ్న.

పల్నాటిసీమలోని ఒక రైతుకుటుంబమును విద్యార్థులు మనస్సులో ఊహించుకొనవచ్చును. ఆ యింట తాత, తండ్రి, వ్యవసాయ కళాశాలలో చదువుచున్న కుమారుడు కలరు. వారికి రెండెకరముల నల్లరేగడి నేల కలదు. మరి రెండెకరములను కౌలునకు తీసికొనిరి. కుమారుడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చి, పొలమున ఆకులు ముడుచుకొని పూత రాల్చుచున్న మొక్కలను చూచెను. ఆ రాత్రి భోజనమువేళ అతడు తండ్రితో, "నాన్నా! పురుగులతోను, తుపానులతోను ఏటేట ఎంతకాలము పోరాడగలము? పొలముమీద కప్పువేసి హరితగృహమును కట్టుదము. వానగాని పురుగుగాని లోపలికి రావు" అనెను. తండ్రి గోడకు తగిలించిన సంచిలోని అప్పుకాగితముల వంక చూచి, మారుపలుకక ఊరకుండెను. తాతమాత్రము, "అబ్బాయీ! నీడపట్టున పెరిగిన మిరప ఎన్నాళ్ళకు మన మిరపగా నిలుచును?" అని అడిగెను.

ఇటువంటి వాదము ఏ యొక్క యింటికో పరిమితమైనది కాదు. మనుమని మాటలో సత్యము కలదు. తాత మాటలోను సత్యము కలదు. ఏది ఎంతవరకు సత్యమో తెలిసికొనుటకు మొదట బయలుపొలపు మిరపను చూడవలెను.

కృష్ణాతీరపు నల్లరేగడి నేలలలో జూలై, ఆగస్టు మాసములయందు మిరపవిత్తు నారుమడిలో పడును. సుమారు ఆరు వారములకు నారు నాటుటకు అందివచ్చును. వానలు తగ్గి, ఆకాశము తేటపడి, చల్లని రాత్రులు రాగానే మొక్క పూతతో నిండును. మిరపపూవు మిక్కిలి సుకుమారమైనది. పగటివేడి 35 డిగ్రీలు దాటినచో పూత నిలువక రాలిపోవును. కావుననే ఈ పంటకు శీతకాలము అనుకూలమైనది. పొలమంతయు ఒకేసారి పండదు. జనవరి మొదలు ఏప్రిల్ వరకు పండినకాయను పండినట్లు పలుమారులు కోయవలెను. నడుము వంచి కాయలు కోసిన కూలివారి వ్రేళ్ళు రాత్రియెల్ల మండుచునే యుండును.

కోసిన కాయను కల్లములో పరచి, తిరుగవేయుచు ఎండబెట్టుదురు. నూరు కిలోగ్రాముల పండుకాయ ఎండిన పిమ్మట ఇరువదియైదు మొదలు ముప్పదియైదు కిలోగ్రాములు మాత్రమే మిగులును. లోపలి తేమ సుమారు పదవవంతునకు తగ్గిననేగాని కాయ నిలువయుండదు. కల్లములోని కాయ వానకు తడిసినచో బూజు పట్టును. ఆ బూజువలన అఫ్లటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. అట్టి సరకును కొనువారుండరు. చక్కగా ఎండిన కాయ సంచులకెక్కి గుంటూరు మిర్చియార్డు చేరును. అచ్చట సంచిని 'టిక్కీ' యని పిలుతురు. పంటకాలమున యార్డు చుట్టును ఎఱ్ఱని టిక్కీల బండ్లు బారులుతీరును. గాలిలోని ఘాటునకు కొత్తగా వచ్చినవారు తుమ్ముచు నిలుతురు.

ఇక రైతు ఈ పంటను స్వదేశపు పంటగా మార్చిన విధమును గమనింపవలెను. అతడు మొదటికోతకు పూర్వమే పొలమెల్ల తిరిగి, తెగుళ్ళకు ఆగి, కాపు బాగుగా నున్న మొక్కలను గుర్తుపెట్టుకొనును. వాని కాయలను విడిగా కోసి, ఎండబెట్టి, ఆ విత్తనమును మరుసటియేటికి దాచును. నీటియెద్దడికి చచ్చిన మొక్క విత్తనము మిగులదు. తెగులుసోకి గొడ్డువోయిన మొక్క విత్తనము మిగులదు. ఆ నేలకు, ఆ యెండకు, ఆ గాలికి తట్టుకొన్న మొక్క సంతతియే మిగులును. ఇట్లు నాలుగువందల యేండ్లకు పైగా జరిగిన యెంపికవలన పరదేశపు మొక్క ప్రాంతమున కొక రకముగా మారి, దేశవాళి యయ్యెను. రైతు తన కన్నులతోను, పొలము తన కష్టములతోను కలిసి చేసిన పని యిది.

ఈ యెంపిక ఫలితములను వేర్వేరు సీమలలో చూడవచ్చును. గుంటూరు సన్నము పేరునకు తగినట్లు సన్నని, పొడవైన, ఎఱ్ఱని కాయ. మిరప కారమును కొలుచు పద్ధతి నొకదానిని 1912లో అమెరికా దేశపు ఔషధశాస్త్రజ్ఞుడు విల్బర్ స్కోవిల్ ఏర్పరచెను. ఆ కొలమానముపై గుంటూరు సన్నపు కారము సుమారు 35,000 మొదలు 40,000 వరకు నుండును. కర్ణాటకమున హావేరి జిల్లాలోని బ్యాడగి పట్టణముపేర ప్రసిద్ధమైన మిరప ఇందుకు భిన్నమైనది. దాని తొక్క ముడుతలుపడి యుండును. కారము స్వల్పము, రంగు గాఢము. ఆ రంగును తీసి తినుబండములలోను, పెదవులకు పూయు రంగులలోను వాడుదురు. వరంగల్లు ప్రాంతపు చపాటా మిరప మరియొక విధమైనది. పొట్టిగా, లావుగా, టమాటావలె ఎఱ్ఱగా నుండుటచే దానిని టమాటామిరప యనియు అందురు. కారము తక్కువ, రంగు మిక్కుటము. కావున పచ్చళ్ళకు దానిని కోరి తెత్తురు. ఈ మూడును ఆయా సీమల సొత్తుగా భౌగోళిక సూచిక గుర్తింపును పొందినవి. చపాటాకు 2025లో ఆ గుర్తింపు లభించినది.

రైతులు ప్రారంభించిన యెంపికను శాస్త్రజ్ఞులు కొనసాగించిరి. గుంటూరు చెంతనున్న లాం గ్రామపు పరిశోధనా స్థానమునుండి 'భాగ్యలక్ష్మి', 'ఆంధ్రజ్యోతి' మొదలగు రకములు వెలువడి, పొలములలో చిరకాలము పేరుపొందినవి.

ఇంతటి చరిత్రగల పంటయైనను బయలుపొలమున దానికి శత్రువులు పెక్కురు. తామరపురుగు ఆకురసమును పీల్చినచో ఆకు పైకి ముడుచుకొనును. నల్లి పీల్చినచో క్రిందికి ముడుచుకొనును. కనుక రైతులు వానిని 'పైముడత', 'కిందిముడత' యని వేరుచేసి గుర్తింతురు. తెల్లదోమ జెమినీ వైరస్ తెగులును మొక్కనుండి మొక్కకు మోయును. వీనికి తోడు 2021-22 పంటకాలమున మరియొక యుపద్రవము వచ్చెను. అంతకు కొన్నియేండ్ల పూర్వము, 2015లో, ఈ దేశమున బొప్పాయిపై మొదట గుర్తింపబడిన ఒక పరదేశపు తామరపురుగు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల మిరపపై దండెత్తెను. రైతులు దానిని నల్లతామరపురుగు అనిరి. ఇది ఆకులనే గాక పూవులను ఆశ్రయించును. పూవులో దూరిన పురుగునకు మందు తగులదు, పూత రాలిపోవును, చెట్టు పచ్చగా నున్నను కాయ నిలువదు. ఎకరమునకు లక్షరూపాయలకు మించిన పెట్టుబడి పెట్టి, మందుపై మందు చల్లి, తుదకు పంటను పెరికివేసిన రైతులు ఆ యేట పెక్కురు. పైరునకు పురుగు శత్రువైనచో, కోతకు తుపాను శత్రువు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు చేతికందవలసిన పంటలు నీటమునిగినవి.

ఇట్టి కష్టములను చూచిన యువకుడు హరితగృహమును కోరుట సహజము. ఆ హరితగృహ మనగా నేమో తెలిసికొనవలెను.

మొక్కపై కప్పువేసి అకాలమున పండించు నూహ పాతది. రోము చక్రవర్తి తైబీరియసునకు దోసకాయలపై మక్కువ మెండు. ఆయనకు ఏడాది పొడుగున దోసకాయలు అందించుటకై తోటమాలులు చక్రములుగల పెట్టెలలో తీగలను పెంచి, ఎండవేళ బయటికి త్రోసి, చలివేళ పారదర్శకమైన రాతిపలకలతో కప్పెడివారని ప్లినీ అను రోమను పండితుడు వ్రాసెను. తరువాతి కాలమున ఆ రాతిపలకల స్థానమును గాజు ఆక్రమించెను. సూర్యకాంతి గాజుగుండా లోనికి పోయి నేలను, మొక్కలను వేడిచేయును. వేడెక్కిన గాలి పైకిలేచి తప్పించుకొనకుండ గాజుకప్పు ఆపును. అందువలన బయట మంచు కురియుచున్నను లోపల వసంతమువలె నుండును.

నెదర్లాండ్సు దేశము చలిదేశము. అచ్చట గాజుగృహములలో పెంచు కారములేని మిరప, అనగా తెలుగునాట బెంగుళూరు మిరప యనబడునది, చదరపు మీటరునకు ఇరువదియైదు కిలోగ్రాములకు మించి పండును. స్పెయిను దేశపు అల్మెరియా ప్రాంతమున వేలకొలది హెక్టారుల భూమి ప్లాస్టిక్ కప్పుల క్రింద నుండి, ఆకాశమునుండి చూచువారికి తెల్లని సముద్రమువలె కనబడును. భారతదేశమున సైతము ఇనుపగొట్టములపై దళసరి ప్లాస్టిక్ పొరను పరచి కట్టిన పాలీహౌసులు పెక్కుచోట్ల వెలసినవి. వానిలో బెంగుళూరు మిరప బాగుగా పండును. నీటిని, ఎరువును గొట్టములద్వారా బొట్టుబొట్టుగా వేరునకే అందింతురు. వాన కాయను తడుపదు. పందికొక్కు, పిట్ట లోనికి రావు. ఒకే కొలత, ఒకే మెరుపుగల కాయలు వచ్చును. మనుమని మాటలోని సత్యమిదియే.

అయినను పల్నాటి ఎండుమిరపకు ఈ గృహము సరిపడునా? ఇచ్చట నాలుగు విషయములను విచారింపవలెను.

మొదటిది వేడి. గాజుగృహము చలిదేశపు అక్కరవలన పుట్టినది. వేడిని పట్టియుంచుటయే దాని పని. పల్నాటి రైతునకు వేడి కొదువ లేదు. మార్చి మాసమున బయట కాయుచున్న యెండకు తోడు కప్పుక్రింద వేడి మరింత పెరిగినచో పూత రాలును. దానిని చల్లార్చుటకు మరల యంత్రములు, కరెంటు కావలెను.

రెండవది ధర. బెంగుళూరు మిరపను పచ్చిగా, నీటిబరువుతో కూడ అమ్ముదురు. ఎండుమిరప కల్లములో తన బరువులో మూడింట రెండువంతులకు పైగా పోగొట్టుకొనిన పిమ్మటనే సంతకు పోవును. ఎకరమునకు లక్షలకొలది వెచ్చించి కట్టిన గృహపు ఖర్చును అంత తేలికైన సరకు తీర్చుట కష్టము. అదియునుగాక, గృహములో పండినను ఎండుటకు కాయ బయటికి రావలసినదే. కౌలురైతు సంగతి చెప్పనేల? ఏడాదికొకరు మారు భూమిపై ఇనుపగొట్టములు పాతుట ఎవరికిని సాధ్యము కాదు.

మూడవది పురుగు. మనుమడు తలచినట్లు పురుగు బొత్తుగా లోనికి రాకుండ ఆపుట సులభము కాదు. సన్నని కన్నులుగల వల తెల్లదోమను ఆపును. తామరపురుగు అంతకంటె సన్ననిది. ఆ కన్నులగుండ దూరిపోగలదు. కన్నులు మరింత చిన్నవైనచో గాలి ఆడదు. గాలి ఆడనిచో వేడి, ఉక్క పెరుగును. ఒకసారి లోన చేరిన పురుగునకు వానభయము లేదు, దానిని తిను అక్షింతపురుగువంటి మిత్రపురుగుల భయమును లేదు. బయలుపొలమున రైతు పంటమార్పిడి చేయవచ్చును. గృహమున ఏటేట అదే నేలలో అదే పంట వేయగా వేరుకు బుడిపెలు పుట్టించు నులిపురుగులు పెచ్చుపెరుగును.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. తాత అడిగిన ప్రశ్నలో నున్నదియు అదియే. పొలము ఏటేట మిరపకు పరీక్ష పెట్టుచున్నది. ఆ పరీక్షలో గెలిచిన మొక్కల విత్తనమే దేశవాళి విత్తనము. నీడపట్టున, కోరినంత నీటితో, కోరినంత యెరువుతో పెరుగుచోట బలమైన మొక్కయు, బలహీనమైన మొక్కయు సమానముగా కాయును. అచ్చట ఏ మొక్కను ఏరవలెనో రైతునకు తెలియదు. అట్టి విత్తనమును తరతరములుగా గృహములోనే పెంచుచు పోయినచో, పేరు గుంటూరు సన్నమే యగును గాని, పల్నాటి యెండను తట్టుకొను గుణము దానిలో మిగులునని చెప్పుటకు వీలులేదు. వరంగల్లు పొలమునుండి వేరుచేసిన చపాటా పేరునకే చపాటా.

అయినచో హరితగృహము వ్యర్థమా? కాదు. బయలుపొలమున మరియొక పెద్దలోపము కలదు. దానిని తాత సైతము ఒప్పుకొనవలెను. మిరపపూవు చాలవరకు తన పుప్పొడితోనే తాను ఫలించును గాని, తేనెటీగలు, చీమలు పొరుగు పూవుల పుప్పొడిని కూడ తెచ్చి అంటించును. దేశవాళి మిరప ప్రక్కన సంకరరకపు మిరప నున్నచో రెండును కలిసిపోవును. ఆ కలయిక ఈ యేటి కాయలో కనబడదు. దాని విత్తనము మొలిచి పెరిగిన మరుసటియేట కనబడును. అప్పటికి తప్పు దిద్దుకొనుటకు కాలము మించిపోవును. అందుచేతనే మూలవిత్తనము పండించు మిరపమడికిని, ఇతర మిరపపొలమునకును నడుమ 400 మీటరుల దూర ముండవలెనని విత్తన ధ్రువీకరణ నియమములు నిర్దేశించుచున్నవి. రెండెకరముల రైతు అంతదూరము నెక్కడనుండి తేగలడు? నలుదెసలును పొరుగువారి సంకరరకములే.

ఈ సంకరరకములను దూషింపనక్కరలేదు. వాని దిగుబడి ఎక్కువ. రైతు వానిని కోరుటకు కారణము కలదు. కాని వాని విత్తనమును దాచి నాటినచో మరుసటియేట మొక్కలు తల్లివలె రావు. కావున ఏటేట విత్తనమును కొనవలసినదే. దేశవాళి విత్తన మట్లు కాదు. దాచినవానికి అది తిరిగి పండును. 2001లో భారత పార్లమెంటు చేసిన మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము రైతు తన పొలపు విత్తనమును దాచుకొను హక్కును గుర్తించినది. అయితే హక్కు కాగితముమీద నున్నను, దాచుటకు శుద్ధమైన విత్తనము లేనిచో ప్రయోజనమేమి?

వలగృహము అక్కరకు వచ్చునది ఇచ్చటనే. పొలములో పరీక్షకు నిలిచిన మేలిమొక్కల విత్తనమును కొద్దిపాటి వలగృహములో నాటినచో తేనెటీగ లోనికి రాదు. పొరుగు పుప్పొడి అంటదు. జాతి కల్తీ పడదు. నారు విషయమున కూడ ఇంతే. లేతనారునకు తెల్లదోమవలన వైరస్ సోకినచో ఆ మొక్క జన్మమెల్ల వ్యర్థము. కావున నేడు పెక్కుగ్రామములలో నీడనిచ్చు వలల క్రింద, కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో నారు పెంచి రైతులకు అమ్ముచున్నారు. నారుకుళ్ళు తగ్గును, మొక్కలు సమముగా ఎదుగును.

మిరప పుట్టినింటిని చూచినవారికి ఈ యేర్పాటు కొత్తగా తోచదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు దక్షిణ కొండలలోను, మెక్సికోలోను చిల్తెపిన్ అను అడవిమిరప నేటికిని తనంత తాను పెరుగుచున్నది. దాని కాయ బఠాణీగింజ యంత. మనుష్యుని నాలుకను మండించు కారము పక్షులకు తెలియదు. అవి కాయలను తిని, చెట్లపై వ్రాలి, ఆ చెట్ల మొదట విత్తనములను విడుచును. ముండ్లపొదల నీడలో, వృక్షముల చాటున ఆ విత్తనము మొలకెత్తి, తీవ్రమైన యెండనుండియు, మంచునుండియు రక్షణ పొందును. ఆ నీడ ప్రకృతి కట్టిన హరితగృహ మనదగును. 1999లో అరిజోనాలో ఈ మిరప పెరుగు కొండప్రదేశమును ప్రభుత్వము ప్రత్యేక రక్షితస్థలముగా కేటాయించెను. విత్తనములను శీతలగిడ్డంగులలో భద్రపరచుట మంచిదే. భారతదేశమున సైతము 1976లో ఏర్పడిన జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థ ఆ పనిని నిర్వహించుచున్నది. కాని గిడ్డంగిలోని విత్తనము నిద్రించుచుండును. బయట కొత్తపురుగు వచ్చినను, వానల తీరు మారినను దానికి తెలియదు. మారుచున్న లోకముతో పాటు తానును మారుటకు మొక్క నేలపై నుండవలెను. కావుననే విత్తనముతో పాటు అది పెరుగు స్థలమును కూడ కాపాడుటకు అచ్చటివారు పూనుకొనిరి.

పల్నాటి యింటి వాదమునకు ఇపుడు తీర్పు చెప్పవచ్చును. పసితనమునకు గృహము కావలెను. పెరిగినపిమ్మట పొలము కావలెను. జాతిని కాపాడుటకు వల కావలెను. జాతిని బలపరచుటకు ఎండ కావలెను. ఒకటి రెండవదానికి శత్రువు కాదు. ఏది ఎచ్చట అక్కరయో తెలియకపోవుటయే నష్టము.

ఆ కుటుంబము చేయదగిన పని యిట్లుండును. పొలమెల్ల కప్పుటకు అప్పు తేనక్కరలేదు. పెరటిలో నాలుగుబారల వలపందిరి చాలును. దాని క్రింద నారును పెంచవచ్చును. ఒకమూల విత్తనపు మొక్కలను నాటుకొనవచ్చును. పొలము చుట్టును రెండుమూడు వరుసల జొన్నగాని, మొక్కజొన్నగాని వేసినచో ఎగిరివచ్చు పురుగులకు కొంత అడ్డగును. తామరపురుగును కనిపెట్టుటకు నీలిరంగు జిగురు అట్టలను, తెల్లదోమకు పసుపుపచ్చని అట్టలను నిలుపవలెను. కల్లములో కాయను మట్టిపై గాక పట్టాలపై ఎండబెట్టి, మబ్బు పట్టగానే కప్పవలెను. ఇవి యన్నియు తుపానును ఆపలేవు, పురుగును నిర్మూలింపలేవు. కాని రైతును అప్పులపాలు చేయకుండ, విత్తనమును అతని చేతిలో నిలుపును.

సెలవులు ముగిసి కుమారుడు కళాశాలకు బయలుదేరు నాటి యుదయమున తాత అతనిని పొలమునకు తోడ్కొనిపోవును. చుట్టును ముడుచుకొనిన మొక్కల నడుమ అచ్చటచ్చట పచ్చగా నిలిచి కాసిన చెట్లు కొన్ని కనబడును. వానికి తాత ఎఱ్ఱని గుడ్డపీలికలు కట్టి యుంచినాడు.

"తాతా! ఇవి యెట్లు నిలిచినవి?" అని మనుమ డడుగును.

"ఎట్లు నిలిచినవో చెప్పవలసినవాడవు నీవు, అందులకే కదా చదువుచున్నావు? నిలిచినవని గుర్తుపెట్టుట వరకే నా పని" అని తాత బదులు చెప్పును.

మనుమడు పండిన కాయలను తెంపి, వేరొక సంచిలో వేసికొనును. పెరటిలో వలపందిరికి ఆ పీలికల చెట్ల విత్తనమే మొదటి విత్తనమగును. మరుసటియేట పొలమునకును అదియే తొలి నారగును.